ఫ్లాట్‌లో మృదంగం, వయొలిన్: గోడలకి ఫోమా, తలుపుకి రబ్బరా, కింద పరుపా?

మియాపూర్‌లో అద్దె ఫ్లాట్ మాది, మూడో ఫ్లోరు. మావాడు మృదంగం, పాప వయొలిన్, సాయంత్రం ఇద్దరూ మొదలెట్టారంటే కింద ఫ్లాట్ అంకుల్ వాచ్‌మన్‌ని పైకి పంపేవారు. మొదట అందరూ చేసే పనే మేమూ చేశాం, ఆన్‌లైన్‌లో నల్ల ఫోమ్ ముక్కలు, ముళ్లు ముళ్లుగా ఉంటాయే అవి, తెప్పించి రెండు గోడలకి అంటించేశాం. గదిలో గంగుమని మోగడం తగ్గింది, వాచ్‌మన్ రావడం మాత్రం తగ్గలేదు.

ఎందుకంటే ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని పీల్చుకుంటుంది అంతే, బయటికెళ్లే సౌండ్‌ని ఆపాలంటే బరువుండాలి, సందులు ఉండకూడదు. రికార్డింగ్ చేసుకునేవాళ్లకైతే ఫోమ్ ఓకే, పక్కింటివాళ్ల కోసమైతే దండగ. గుడ్ల అట్టలు ఇంకా దండగ, పైగా నిప్పంటుకుంటే అంతే సంగతులు.

తలుపు సంగతి అనుకోకుండా తెలిసింది. ఓ రాత్రి గదిలో లైటార్పి చూస్తే తలుపు కింద వేలు దూరేంత సందులోంచి హాల్లో ట్యూబ్‌లైట్ వెలుగు గీతలా పడుతోంది. వెలుగొచ్చే చోట సౌండూ పోతుంది కదా! గోడ ఎంత మందంగా ఉన్నా దాని మొత్తంలో నూటికి ఒక వంతు ఖాళీ ఉంటే 20 డెసిబెల్స్ (సౌండ్‌ని కొలిచే లెక్క) మించి ఆపడం దానివల్ల కాదు. చుట్టూ రబ్బరు బీడింగ్, కింద స్ట్రిప్ వేయించి, పైన వెంటిలేటర్‌కి రెండు ప్లైవుడ్ ముక్కలు బిగించాం, ఖర్చు ఫోమ్‌లో సగం కూడా అవ్వలేదు. పాప వయొలిన్‌కి ఇది చాలు, బ్రిడ్జి మీద, అంటే తీగల కింద నిలబెట్టే చెక్క ముక్క మీద, సౌండ్ తగ్గించే రబ్బరు మ్యూట్ పెడితే ఇంకా మేలు.

మృదంగం వేరే కథ. ఎడమ వైపు రవ్వ ముద్ద మెత్తి తొం అని కొడితే ఆ బరువు సౌండ్ గాల్లోంచే కాదు, నేల పట్టుకుని స్లాబ్‌లోంచి కూడా కిందికి దిగుతుంది, దానికి తలుపులు మూసి ఏం లాభం? మందం రబ్బరు మ్యాట్, దాని మీద పాత పరుపు, ఆపైన ప్లైవుడ్ షీట్ వేసి వాణ్ణి దాని మీద కూర్చోబెట్టాం, షీట్ గోడకి తగలకూడదు, తగిలిందా అటునుంచి దిగిపోతుంది. పూర్తిగా ఆగలేదు గానీ టీవీ పెట్టుకుంటే వినపడట్లేదమ్మా అన్నారు అంకుల్, మాకదే పెద్ద సర్టిఫికెట్.

గదిలో గది కట్టించడం, డబుల్ గ్లాస్ కిటికీలు లాంటివి సొంతిల్లైతే ఆలోచించండి, అద్దెవాళ్లకి వద్దు, పైగా గాలాడక ఏసీ తప్పదు. కిటికీ మార్చేట్టయితే స్లైడింగ్ కన్నా తలుపులా తెరిచే రకం మేలు, మూస్తే గట్టిగా బిగుసుకుంటుంది. ఎలాగూ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా రెసిడెన్షియల్ ఏరియాలో లిమిట్ 45 డెసిబెల్స్ అని రూలుంది కాబట్టి ఆ టైంలో మావాడు తొడ మీదే తదితొంనం అని మృదంగం పాఠం వేసుకుంటాడు.

ఇప్పుడు ఫోమ్ పీకుతుంటే గోడ రంగు కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడొస్తోంది, ఓనర్‌కి ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.