ఏకపాత్రా, హరికథా, గంట నాటకమా: మన ఊళ్లకి ఏది మేలు?

స్టేజీ మీద ఒక్క మనిషే ఉండే ప్రదర్శనలతో కోనసీమలోనో భీమవరం వైపో రెండుమూడు రాత్రుల ఉత్సవం పెడదామంటే ముందుగా వచ్చే మాట, ఏకపాత్రలు, అంటే ఒకే పాత్ర వేషం కట్టి చెప్పే చిన్న ఘట్టాలు, పెట్టేద్దాం అని. కుర్రాళ్లు దొరుకుతారు, ఖర్చు తక్కువ, మయసభ దుర్యోధనుడంటే జనం కూర్చుంటారు. నిజమే. కానీ పక్కనే హరికథ ఉంది, గంటసేపు ఒక్కరే నడిపే సాంఘిక నాటకం కూడా ఉంది. ఆరుబయట పందిరి అయితే నా ఓటు హరికథకే.

ఏకపాత్ర బలమంతా మొదటి నిమిషంలోనే. గద భుజాన వేసుకుని వచ్చి, ఆగి, మెడ ఒక్కసారి తిప్పితే చప్పట్లు పడిపోతాయి. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. ద్రౌపది నవ్వింది అని మనకి తెలియాలంటే నటుడు ఆ నవ్వు విన్నచోట ఆగాలి, అవమానం మొహంలోకి ఎక్కేదాకా మాట బిగబట్టాలి. పోటీల్లో పది నిమిషాలకే గంట కొట్టేస్తుంటే ఆ ఆగడం ఎవరికి కుదురుతుంది? సినిమాలో విన్న గొంతునే పట్టుకుని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తున్నారు. మంచి గొంతు, శుద్ధమైన ఉచ్చారణ ఉన్న పిల్లలు కూడా అలాగే చేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. పైగా వరసగా ఏడెనిమిది చూస్తే ఏ ఒక్కటీ మనసులో నిలవదు.

హరికథలో మృదంగం, వయొలిన్ ఉంటాయి కదా, అది ఒక్కరిది ఎలా అవుతుంది అంటారు. పాత్రలన్నీ మోసేది దాసుగారొక్కరే అండీ. రుక్మిణి అగ్నిద్యోతనుడనే బ్రాహ్మడితో కృష్ణుడికి కబురంపే ఘట్టం చూడండి. చిరతలు ఆగుతాయి, మెడలో దండ ఒక చేత్తో పట్టుకుని తల కాస్త వంచితే రుక్మిణి, అరడుగు పక్కకి జరిగి చేతులు కట్టుకుంటే ఆ బ్రాహ్మడు, చిరతలు మళ్లీ మోగాయా, కథ చెప్పే దాసుగారు. వేషం మారదు, లైటు మారదు, అయినా వెనక వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకి ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. మధ్యలో కరెంటు పోయినా, ఆలస్యంగా వచ్చినవాళ్లు చోటు కోసం గొడవపడినా ఒక పిట్టకథ ఎత్తుకుని జనాన్ని మళ్లీ దారిలోకి తెచ్చేస్తారు. సంగీతం, నాట్యం, సాహిత్యం మూడూ ఒక్క మనిషిలో కలిసే ఈ కళకి ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) నిలబెట్టిన స్థాయి అది. నేర్పేచోటు కోసం దూరం వెళ్లక్కర్లేదు, కపిలేశ్వరపురంలో 1973లో పెట్టిన సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. అక్కడ నేర్చుకున్నవాళ్లలో ఆడపిల్లలు చాలామంది, నాకు అది గర్వంగా ఉంటుంది.

మరి గంట నాటకం ఎందుకు? గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లి పిల్లలు పెద్దవాళ్లయ్యాక తిరిగొచ్చిన తల్లి, రొయ్యల చెరువు కౌలుకి తీసుకుని అప్పులపాలైన రైతు, వీళ్లు తమ గోడు తమ మాటల్లో చెప్పుకోవడానికి దీనికి మించింది లేదు. న్యూయార్క్‌లో యునైటెడ్ సోలో అని 2010 నుంచి కేవలం ఒక్కరి ప్రదర్శనలకే ఉత్సవం జరుపుతున్నారంటే ఈ రకానికి ఎంత బలముందో చూడండి. కానీ దీనికి నిశ్శబ్దం కావాలి. గొంతు తగ్గించి చెప్పే మాట జనరేటర్ మోతలో కలిసిపోతుంది, చీర కొంగు రాసుకున్నప్పుడల్లా కాలర్ మైకు కరకరలాడుతుంది. రాజమండ్రి ఆనం కళాకేంద్రం లాంటి మూసిన హాలు దొరికితే మాత్రం నేను హరికథని కూడా పక్కనపెట్టి దీనికే ముందు చోటిస్తాను, ఎందుకంటే మన ఇళ్లలో బయటికి రాని మాటలు ఇక్కడే బయటికొస్తాయి.

ఏకపాత్రలు మానేయమనను. రాత్రికి రెండు చాలు, ఒక్కోదానికి పావుగంట ఇవ్వండి, బహుమతులు వద్దు, మయసభ కాకుండా ఇంకోటి తెమ్మని ముందే చెప్పండి. గంట నాటకం వేసేవాళ్లకి మధ్యాహ్నమే హాలు తాళాలు ఇచ్చేస్తే లైట్లు చూసుకుంటారు. దాసుగారికి కప్పే శాలువా వాయిద్యకారులకి కూడా కప్పండి, తాంబూలంతో సరిపెట్టి పంపేయకండి.