నేటాల్ పూర్వీకులను వెతికి పెడతామనే వారితో జాగ్రత్త

బ్రిటిష్ వారి కాలంలో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలీలుగా వెళ్ళిన మనవారి వంశవృక్షాలు తీసి ఇస్తామని ఫేస్‌బుక్‌లో రోజూ ప్రకటనలు గుప్పించే ఆ సంస్థ ఏదో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది కనుక పేరు రాయడం లేదు. మా తాతమ్మగారి అక్క అప్పటి విశాఖపట్నం జిల్లా నుంచి మద్రాసు రేవు మీదుగా డర్బన్ వెళ్ళిపోయింది. అక్కడి మా బంధువులు పంపిన పాత కాగితం మీద ఆమె కలోనియల్ నంబరు (అక్కడికి వెళ్ళిన ప్రతి కూలీకీ వరుసగా వేసిన నంబరు), ఆరంకెలది, స్పష్టంగా ఉంది. అది ఇచ్చి, అడిగిన సొమ్ములో సగం ముందే చెల్లించాను.

వచ్చిందేమిటయ్యా అంటే, బంగారు రంగు అంచుతో ఏడు తరాల వంశవృక్షం, గోత్రంతో సహా! కూలీలను తీసుకెళ్ళిన ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు ఉంటాయి. తండ్రిని దాటిన తరాలన్నీ వీరికి ఏ అంజనం వేస్తే కనిపించాయో మరి. అంతకన్నా ఘోరం, ఆమె 1860లో ట్రూరో ఓడ ఎక్కిందని రాశారు. ఆ ఏడాది నవంబరు 16న డర్బన్ చేరిన ఆ మొట్టమొదటి ఓడలో వచ్చినవారు 342 మంది. అక్కడి నుంచి వరుసగా వేసుకుంటూ పోయిన నంబర్లు 1911లో వలస ఆగేనాటికి సుమారు 1,52,000కు చేరాయి. ఆరంకెల నంబరు గల మనిషి మొదటి ఓడలో ఎలా ఉంటుంది?

ఈ మాటే ఆ సంస్థ మనిషిని ఫోనులో అడిగితే, "ఎప్పుడో పోయిన కూలిమనిషి గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు మేడమ్? ఏ అప్పలమ్మ అయితేనేం, గోడకు తగిలించుకోవడానికే కదా!" అని నవ్వాడు. డబ్బు పుచ్చుకునే రోజున ఈ పెద్దమనిషే "అమ్మగారి చరిత్ర మన జాతి చరిత్ర అండీ" అని గొంతు గద్గదం చేసుకున్నాడు. ఆ గద్గదానికే కాబోలు, నేను రసీదు కూడా అడగలేదు. పైగా మిగతా సగం పంపమని నిన్న మళ్ళీ మెసేజ్ పెట్టాడు.

అన్నట్టు, క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయంలోని గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ ఈ ఓడల జాబితాలను ఉచితంగానే అందుబాటులో ఉంచింది. ఊరి పేర్లను గుమాస్తాలు చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు కాబట్టి నాలుగైదు రకాల స్పెల్లింగులతో వెతకండి. ఎవరికైనా డబ్బే ఇవ్వదలచుకుంటే, నంబరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిసిన అసలు జాబితాలోని వరుసను కళ్ళారా చూశాకే ఇవ్వండి.