పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక్క రోజే ఉంటే: దీవులా, జైలా?

మన శ్రీకాకుళం జిల్లా సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు అండమాన్‌లో చుట్టాలున్న ఇళ్లు చాలానే ఉంటాయి. పెళ్లికో గృహప్రవేశానికో వెళ్తాం, ఉన్న నాలుగు రోజులూ వాళ్లింటి భోజనాలకే సరిపోతాయి. తిరుగు ప్రయాణానికి ముందు ఊరు చూడ్డానికి ఒక్క రోజు మిగిలితే గొప్ప. ఆ రోజు పడవెక్కి దీవులు తిరగాలా, ఊళ్లోనే ఉండి సెల్యులర్ జైలు చూడాలా అన్నది ప్రతి కుటుంబంలోనూ వచ్చే ప్రశ్నే. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. ఇక్కడ మాత్రం అందరి నోటా ఇంకా పోర్ట్‌బ్లెయిరే.)

దీవుల ప్యాకేజీ అంటే అబర్డీన్ జెట్టీ దగ్గర పడవెక్కి రాస్, నార్త్ బే చూసి రావడం. నార్త్ బే చేతిలో పడితే రోజంతా దానికే పోతుంది. అక్కడ చూడాల్సింది పగడపు దిబ్బలు. స్నార్కెలింగ్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీళ్లలోకి చూడటం), సీ వాక్ (సముద్రం అడుగున నడక), అద్దం అడుగున్న పడవ, అన్నిటికీ వేరే డబ్బులే. పాత ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న దృశ్యంలో కనిపించే లైట్‌హౌస్ ఇక్కడిదే. సముద్రం మనకు కొత్త కాదు, బారువ, భావనపాడు ఉన్నాయి. కానీ మన తీరంలో నదుల మట్టి, అలల ఇసుక కలిసి నీళ్లలో అడుగు కనిపించదు. అక్కడ నీళ్లలోకి చూస్తే చేపలు కనిపిస్తాయి. ఈత వచ్చిన పిల్లలుంటే నార్త్ బే వాళ్లకు పండగే, కాదనను. ఒడ్డున కూర్చుని చూసేవాళ్లకైతే మాత్రం అంత డబ్బూ, అంత సమయమూ దండగ.

జైలు సంగతి వేరు. స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన ఈ జైలును తెల్లవాళ్లు 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేశారు. నడిమి బురుజు నుంచి ఖైదు గదుల వరుసలు ఏడు, ఏడు వైపులకు సాగేవి, ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక వరుసలోని గది తలుపు ఎదురుగా పక్క వరుస వీపు ఉండేలా కట్టారు. ఒక ఖైదీ ఇంకో ఖైదీ మొహం చూడకూడదు. సైగ కూడా చేసుకోకూడదు. ఆ గదిలోకి వెళ్లి ఒక్క నిమిషం నిలబడండి, పైనున్న చిన్న కిటికీ తప్ప ఇంకేమీ ఉండదు. ఎద్దులు తిప్పాల్సిన గానుగలను ఖైదీల చేత తిప్పించి కొబ్బరి నూనె తీయించారు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొరకు పడిన శిక్ష కూడా అండమానే. ఆయనే తర్వాత 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. మన మన్యం మనిషి అక్కడ మగ్గాడని తెలిసి చూస్తే ఆ వరండాలో నడక తేలిగ్గా సాగదు.

జైలు పైకెక్కితే ఎదురుగా సముద్రంలో రాస్ దీవి కనిపిస్తుంది. నా నిర్ణయం అక్కడే ఖాయమైపోతుంది. 1858 నుంచి ఈ దీవుల పాలన నడిపిన తెల్లదొరలు ఉన్నది ఆ రాస్‌లోనే. బంగళాలు, చర్చి, బేకరీ, ఈత కొలను అన్నీ కట్టుకున్నారు. ఇటు ఖైదీలు గానుగ తిప్పుతుంటే అటు వాళ్లు వేడి రొట్టెలు తింటున్నారన్నమాట. 1941 భూకంపం, మరుసటి ఏడు జపాన్ సైన్యం రాక, ఆ దర్జాకు అంతటితో తెర పడింది. ఇప్పుడు గోడలన్నిటినీ మర్రి జాతి చెట్ల వేళ్లు చుట్టేశాయి, వాటి మధ్య జింకలు తిరుగుతుంటాయి. 2018లో ఆ దీవికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ పేరు పెట్టారు.

అందుకే నేనైతే పొద్దున్నే జైలు, భోజనం చేశాక రాస్ అంటాను. నార్త్ బే వదిలేయమంటాను. వరుస కూడా ఇదే ఉండాలి. జైలు చూడకుండా రాస్‌కు వెళ్తే అది చెట్లున్న అందమైన దీవిలా కనిపిస్తుంది, అంతే. రాస్‌కి మాత్రమే వెళ్లే పడవలుంటాయి, ప్రయాణం పావుగంట లోపే. ఒకటే జాగ్రత్త, డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది, కాబట్టి భోజనాల దగ్గర ఆలస్యం చేయకండి. జైలుకీ దీవికీ సెలవు రోజులేమిటో ముందురోజే చుట్టాలను అడగండి.

వర్షాకాలంలో గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు. అప్పుడు జైలు తర్వాత వంతెన మీదుగా చాతమ్ వెళ్లండి. 1883 నాటి రంపపు మిల్లు, జపాన్ బాంబు పడిన గుంట రెండూ అక్కడే ఉన్నాయి, ఒక పూటకు చాలు.