డీజిలా, సీఎన్‌జీనా, ఎల్‌ఎన్‌జీనా: వరంగల్ లారీకి ఏది మేలు?

మా బామ్మర్దికి రెండు లారీలున్నాయి. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ నుంచి పత్తి, మిర్చి లోడ్లు, మిగతా రోజుల్లో ఏది దొరికితే అది. ఇప్పుడు మూడో బండి కొందామని చూస్తున్నాడు, వారం నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: "బావా, ఎల్‌ఎన్‌జీ బండి తీసుకోమంటవా, సీఎన్‌జీ సరిపోతదా, డీజిలే నయమా?" కిరాయి లెక్కలు, మైలేజీ లెక్కలు నాకంటే వాడికే బాగా తెలుసు. నేను ఆలోచించింది సేఫ్టీ సంగతి, ఎందుకంటే ఆ బండి పక్కనే డ్రైవర్ పడుకుంటాడు.

ముందు మా బాపు గురించి చెప్పాలి. సింగరేణి బొగ్గు గనిలో సర్దార్‌గా, అంటే కార్మికుల సేఫ్టీ చూసే పనిలో చేశాడు. గనిలోకి దిగాక సేఫ్టీ ల్యాంప్ వత్తి బాగా తగ్గించి, దీపాన్ని మెల్లగా పైకప్పు దాకా ఎత్తి మంటనే చూస్తూ నిలబడేవాడట. మంట మీద లేత నీలం టోపీలాగా కనిపించిందంటే అక్కడ గ్యాస్ ఉన్నట్టు, టోపీ ఎత్తు పెరిగితే గ్యాస్ పెరిగినట్టు. పైకే ఎందుకు ఎత్తాలంటే ఆ గ్యాస్, అంటే మీథేన్, గాలికంటే తేలిక, కప్పు కిందే చేరుతుంది. అది అంటుకునేది గాలిలో 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు, కానీ గనిలో 1.25 శాతం దాటగానే కరెంటు ఆపేయాలి. సీఎన్‌జీలోనూ ఎల్‌ఎన్‌జీలోనూ ప్రధానంగా ఉండేది ఆ మీథేనే. గ్యాస్ ఒకటే, దాచే తీరు వేరు.

సీఎన్‌జీని సుమారు 200 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లతో, సిలిండర్‌లో కుక్కుతారు. లీకైతే బుస్సుమని చప్పుడొస్తుంది, వాసన కలిపి ఉంటుంది కాబట్టి ముక్కుకు తెలుస్తుంది, ఆరుబయట అయితే పైకి పోయి గాలిలో కలిసిపోతుంది. దీనికి అసలు భయం ఒత్తిడి. అందుకే మూడేళ్లకోసారి సిలిండర్‌కు హైడ్రో టెస్ట్, అంటే నీళ్లు నింపి ఒత్తిడికి తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష, చేయించాలి, అది ఎగ్గొట్టి తిరిగే బండి పక్కన నేనైతే నిలబడను. సీఎన్‌జీతో ఇంకో ఇబ్బంది దూరం, తొందరగా అయిపోతుంది, మళ్లీ పంపు దగ్గర లైన్.

ఎల్‌ఎన్‌జీ అంటే అదే గ్యాస్‌ను మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిచి ద్రవం చేయడం. 600 వంతుల జాగాలో ఉండేది ఒక వంతులో పడుతుంది, ఒక్క ఫిల్లింగ్‌తో వెయ్యి కిలోమీటర్లు దాటే బండ్లు ఉన్నాయి. ఒత్తిడి సీఎన్‌జీ కంటే చాలా తక్కువ. అయితే కారినప్పుడు దాని నడత వేరే. అంత చలిలో మీథేన్ గాలికంటే బరువు, తెల్లవారుజామున పొలం మీద పొగమంచులాగా నేలను పట్టుకుని పాకుతుంది, వేడెక్కాకే పైకి లేస్తుంది. తెల్లగా కనిపించేది గాలిలోని తేమే కానీ గ్యాస్ కాదు. మన మే నెల పొడిగాలిలో ఆ తెలుపు ఆగిపోయిన చోటు దాటి కూడా అంటుకునే గ్యాస్ ఉండొచ్చు. దీన్ని తెలుసుకోవడానికే 1980 ప్రాంతంలో అమెరికాలో చైనా లేక్ దగ్గర, ఇంగ్లండ్‌లో మాప్లిన్ శాండ్స్ దగ్గర కావాలనే ఎల్‌ఎన్‌జీని నీళ్ల మీద ఒలకబోసి, ఆ మబ్బు గాలికి ఎంత దూరం పోతుందో కొలిచారు.

అంతకుముందు పాఠం చాలా ఖరీదైనది. 1944 అక్టోబర్‌లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎల్‌ఎన్‌జీ ట్యాంకు పగిలి, ద్రవం వీధుల్లోకి, మురుగు కాల్వల్లోకి పారి అంటుకుంది, సుమారు 130 మంది చనిపోయారు. అందులో వాడింది 3.5 శాతం నికెల్ ఉన్న ఉక్కు, అంత చలికి పెళుసైపోయింది. ఇప్పుడు పెద్ద ట్యాంకులకు 9 శాతం నికెల్ ఉక్కు వాడతారు. లారీకి ఉండేది రెండు పొరల స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకు, మధ్యలో గాలి లేకుండా తీసేస్తారు, పెద్ద ఫ్లాస్కు అనుకోండి. 2002లో స్పెయిన్‌లోని తివిస్సా దగ్గర బోల్తాపడి మంటలంటుకున్న ఎల్‌ఎన్‌జీ ట్యాంకర్ కొద్దిసేపటికి పేలిపోయింది, డ్రైవర్ చనిపోయాడు. కాబట్టి గ్యాస్ బండి ఏదైనా తగలబడుతుంటే ఫోన్లు పట్టుకుని దగ్గరికి పోవద్దు, ఇది చేతులు జోడించి చెప్తున్నా.

ఎల్‌పీజీ, అంటే వంట గ్యాస్, లారీ ఇంధనంగా వద్దే వద్దు. గాలిలో 2 శాతం ఉన్నా అంటుకుంటుంది, ఎప్పుడూ నేల మీదే గుంటల్లో ఉండిపోతుంది. 2024 డిసెంబర్‌లో జైపూర్ హైవే మీద ఎల్‌పీజీ ట్యాంకర్‌ను లారీ గుద్దుకుని ఎంత మంట లేచిందో అందరూ చూశారు. ఎలక్ట్రిక్ మన సిటీ బస్సుకు బాగుంది, లోడుతో దూరం పోయే చిన్న ఓనర్‌కు ఇంకా టైముంది. డీజిల్ రోడ్డు మీద ఒలికినా అంత తేలిగ్గా అంటుకోదు, ఆ ఒక్క విషయంలో వీటన్నిటికంటే నయం, కానీ ఆ పొగ డ్రైవరే పీలుస్తాడు.

మరి ఎల్‌ఎన్‌జీనా, సీఎన్‌జీనా? ఇక్కడ నేను బామ్మర్దిని ఒక్కటే అడిగాను: బండి ఎన్ని రోజులు ఊరికే నిలబడుతుంది? జిన్నింగ్ మిల్లు ముందు ఒక్కోసారి మూడు రోజులు, వానాకాలంలో పని లేక ఇంటి దగ్గర రేకుల షెడ్డులో రెండు వారాలు అన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఫ్లాస్కులో చాయ్ అయినా చివరికి చల్లారుతుంది కదా, అలాగే ట్యాంకులోని ఎల్‌ఎన్‌జీ మెల్లగా వేడెక్కి ఆవిరవుతుంది, ఒత్తిడి పెరిగితే వాల్వు తెరుచుకుని బయటికి వదిలేస్తుంది. ఐదు రోజులైనా వదలకుండా ఆగాలని ట్యాంకులకు ప్రమాణం ఉంది, రెండు వారాలకు కాదు. పైగా ఎల్‌ఎన్‌జీకి వాసన ఉండదు, వంట గ్యాస్‌లో కలిపే వాసన మందు ఆ చలికి గడ్డకడుతుంది, కాబట్టి కలపలేరు. వాసన లేని మీథేన్ రేకుల కింద చేరుతుంటే, కింద డ్రైవర్ స్టవ్ వెలిగించి అన్నం వండుకుంటాడు. మా బాపు దీపం ఎత్తి చూసింది సరిగ్గా ఇలాంటి చోటే. ఆ ఆవిరి ఆకాశంలోకి పోయినా నష్టమే, వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది.

వారం వారం నాగ్‌పూర్ మీదుగా ఢిల్లీ పోయి వచ్చే బండి అయితే నేను కళ్లు మూసుకుని ఎల్‌ఎన్‌జీ అనేవాణ్ని. నాగ్‌పూర్‌లో 2021లోనే ఎల్‌ఎన్‌జీ కేంద్రం మొదలైంది, ఆగని బండిలో ట్యాంకు వేడెక్కే లోపే ఇంధనం ఖర్చయిపోతుంది, మీథేన్ డిటెక్టర్ పనిచేస్తుంటే చాలు. వాడిది సీజన్ బండి. అందుకే సీఎన్‌జీ తీసుకోమన్నాను, కొనేటప్పుడే హైడ్రో టెస్ట్ తేదీ రాసిపెట్టుకోమన్నాను.

"మరి సీఎన్‌జీ కూడా పైకే పోతది అంటివి కదా బావా, మా షెడ్డు?" అన్నాడు. రేకులకూ గోడకూ మధ్య చుట్టూరా మూరెడు జాగా తెరిపించు, వంట మాత్రం బయట చేసుకోమను అన్నాను. ఆదివారం వెల్డర్‌ను పిలిచాడు.