చట్టబద్ధమా, చెల్లుబాటా?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల చేబదులు దాటిన అప్పంటే ప్రోనోటే. రెవెన్యూ స్టాంపు అంటించి, దానిమీదుగా సంతకం పెట్టించుకుంటే ‘చట్టబద్ధం’ అని నిశ్చింతగా ఉంటారు. ఆ మాట పని చట్టప్రకారం జరిగిందా అన్నంతవరకే చెబుతుంది. ‘చెల్లుబాటు’ సంగతి వేరు: రేపు కోర్టుకెక్కితే ఆ కాగితం నిలుస్తుందా? అసలు టెన్షన్ ఇక్కడే. డిమాండు నోటుకి, అంటే అడిగినప్పుడు తీర్చాల్సిన ప్రోనోటుకి, రాసిన తేదీ నుంచి 3 ఏళ్లు దాటితే కాలదోషం పడుతుంది. అప్పు అక్రమమేమీ కాదు, తీరిస్తే పుచ్చుకోవచ్చు. దావా మాత్రం నిలవదు. అందుకే తెలిసినవాళ్లు గడువులోపే ఎంతో కొంత కట్టించుకుని, నోటు వెనక చెల్లు రాయించి సంతకం తీసుకుంటారు. అక్కణ్నుంచి మళ్లీ 3 ఏళ్లు.

తిరగేసి చూస్తే ఇంకా వింత. 2006 చట్టం ప్రకారం బాల్యవివాహం జరిపించడం నేరం. అయినా మామూలుగా ఆ పెళ్లి దానంతటదే రద్దవదు. మైనరుగా పెళ్లయినవారు కోర్టుకెళ్లి రద్దు చేయించుకోవాలి. అంటే చట్టవిరుద్ధమే, కానీ అప్పటిదాకా చెల్లుతుంది!

పేపర్లలో రెండు అర్థాలకూ ‘చట్టబద్ధత’ అనే రాసేస్తుంటారు. కాగితాల దగ్గర మాత్రం నేను ‘ఇది చెల్లుతుందా అండీ?’ అనే అడుగుతాను.