ఊలు సూదులా, క్రోషే సూదా? పుస్తకం చదివేవాళ్లకు మావైపు ఏది మేలు

అనంతపురంలో ఉంటూ స్వెట్టర్ అల్లుతున్నానని చెబితే ఎవరైనా ముందు అడిగేది "బెంగళూరులో ఎవరికమ్మా?" అనే. అడగడంలో తప్పేం లేదు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన పడే జిల్లా ఇది, ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటితే ఎవరూ వింతగా చూడరు, చలి అంటే మార్గశిర, పుష్య మాసాల్లో తెల్లవారుజామున దుప్పటి మీదికి లాక్కునేంత. కాబట్టి స్వెట్టర్ అవసరమా కాదా అనే లెక్క వేస్తే ఈ పోలిక మొదటి వాక్యంలోనే అయిపోతుంది. నా లెక్క వేరే. నాకు కళ్లకు పుస్తకం కావాలి, అదే సమయంలో చేతులకు పని కావాలి. ఆ రెండూ కలిసి సాగాలంటే రెండు సూదుల నిట్టింగ్ మేలా, ఒక్క కొక్కెం సూదితో అల్లే క్రోషే మేలా అన్నదే ప్రశ్న.

చదవడం ఒక్కటే చూస్తే నిట్టింగే, అందులో నాకు అనుమానం లేదు. కుట్లన్నీ సూది మీద వరసగా కూర్చుని ఉంటాయి, తర్వాతి కుట్టు ఎక్కడుందో వేలికి తెలుస్తుంది, అన్ని వరసలూ నిట్ కుట్టే వేసే సాదా అల్లికైతే కొన్నాళ్లకు చూడాల్సిన పనే ఉండదు, వరస చివరికొచ్చి తిప్పేటప్పుడు మాత్రం ఒకసారి కిందికి చూస్తే చాలు. క్రోషేలో అలా కుదరదు. సూది ఏ కన్నంలోకి దూర్చాలో కంటితో చూసుకోవాలి, లేసైతే గొలుసు కుట్లు కూడా లెక్కపెట్టుకోవాలి, కథలో ఎవరో చచ్చిపోయే చోట మనం "పదకొండు, పన్నెండు" అనుకుంటూ ఉంటాం. అయితే నిట్టింగ్ అన్నంత మాత్రాన అన్నీ చదువుతూ చేసేవి కావు. జడలు, ఆకుల డిజైన్లు, చంక దగ్గర కుట్లు తగ్గించే చోట పుస్తకం మూసేయాల్సిందే. చదవడానికి పనికొచ్చేది మఫ్లరు, బొంత చదరాలు, దుప్పటి లాంటివే, అంటే అల్లేవాళ్లు విసుగని చెప్పే పనులే.

పుస్తకం కూడా సహకరించాలి, ఆ మాట ఎవరూ చెప్పరు. జిగురుతో అంటించిన మెత్తటి అట్ట పుస్తకాలు చెయ్యి తీయగానే మూసుకుపోతాయి. దారంతో కుట్టిన పాత బైండు పుస్తకాలు, గ్రంథాలయం వాళ్లు మళ్లీ బైండు చేయించినవి ఒళ్లో పరుచుకుని పడుంటాయి, వారపత్రికలు ఇంకా మేలు. ట్యాబ్ ఉంటే స్టాండుకు ఆనించి అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు, కానీ పేజీ మార్చడానికి సూది వదలక తప్పదు.

ఇంతవరకూ నిట్టింగ్ గెలిచినట్టే ఉంది కదా, ఇప్పుడు ఇంట్లో మనుషులున్నారని గుర్తు తెచ్చుకుందాం. కుక్కర్ కూస్తుంది, నీళ్ల ట్యాంకు నిండి పొర్లుతుంది, గేటు దగ్గర కొరియర్ అబ్బాయి పేరు పెట్టి అరుస్తాడు. క్రోషేలో ఎప్పుడూ తెరిచి ఉండేది ఒక్క ఉచ్చే, దాన్ని కాస్త పొడుగ్గా లాగి వదిలేసి వెళ్లిపోవచ్చు. నిట్టింగ్‌లో వరస మధ్యలో వదిలితే వందో నూటయాభయ్యో కుట్లు సూది కొస నుంచి జారడానికి కాచుకుని ఉంటాయి, ఒక్కటి జారినా నిచ్చెన మెట్లలా కిందికి ఊడుతూ పోతుంది. దాన్ని మళ్లీ పైకి ఎక్కించడానికి బాగా పనికొచ్చే పనిముట్టు ఏదంటే క్రోషే సూది! బస్సులో కూడా అంతే, పొడుగాటి సూదులతో పక్కావిడ డొక్కలో పొడవకుండా కడప దాకా వెళ్లడం కష్టం. మధ్యలో తీగ ఉండే గుండ్రటి సూదులు దొరికితే ఆ బాధ సగం తగ్గుతుంది.

ఇక ఎండ. మన షాపుల్లో ఊలు అని అమ్మేది చాలావరకు అక్రిలిక్. అది చెమట పీల్చదు, వేసవిలో తడి వేళ్లకు అంటుకుని అల్యూమినియం సూది మీద కీచుమంటూ నడుస్తుంది, పైగా అల్లే కొద్దీ ఒళ్లో కుప్పగా పెరుగుతుంది. చలికాలం పొడి గాలికేమో చిటపటలాడుతుంది. పసిపిల్లలకు మే నెలలో కూడా చెవులు కప్పాలనే పెద్దవాళ్లు మావైపు ఎక్కువ, అలాంటి ఇంటికి అక్రిలిక్ టోపీ ఇస్తే బిడ్డ నెత్తి నిండా చెమటకాయలే, కాటన్ దారంతో అల్లి ఇవ్వడం న్యాయం. కాటన్ కూడా నిట్టింగ్ చేయొచ్చు గానీ దానికి సాగుడు ఉండదు, కాసేపటికి మణికట్టు లాగుతుంది. క్రోషేకైతే కాటన్ చక్కగా కుదురుతుంది, పని చిన్నది, అరచేతిలో ఇమిడిపోతుంది, ఫ్యాను కింద కూర్చుంటే ఒంటికి వేడి తెలియదు.

ఊరిని బట్టి కూడా తీర్పు మారుతుంది. కడప సముద్ర మట్టానికి 140 మీటర్లకు లోపే ఉంది, అనంతపురం 340 మీటర్ల దాకా, హిందూపురం 620. హిందూపురం వాళ్లు స్వెట్టర్ అల్లుకుంటే ఎవరూ నవ్వరు, కడపలో మాత్రం ఆ కష్టం కొన్ని పొద్దుల ముచ్చటే. గొర్రెలు కళ్లెదుటే మందలు మందలుగా తిరిగే జిల్లాలో ఉండి లూధియానా నుంచి వచ్చే అక్రిలిక్ ఉండలు కొనడమేంటని అడగొచ్చు. మన దక్కనీ గొర్రె ఉన్ని గరుకుది, కురుబలు నేసే కంబళికి అదే బలం, మెడ చుట్టూ వేసుకుంటే మాత్రం గీరుకుంటుంది.

అల్లింది దేనికి పనికొస్తుంది అంటే క్రోషే వైపే మొగ్గుతాను. స్వెట్టర్ మెషిన్ మీద అల్లింది చవగ్గా దొరుకుతుంది, అసలు క్రోషే కుట్టును అల్లే మెషిన్ లేదు, చూడ్డానికి అలా ఉండేవి వస్తాయి అంతే. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే ఆ చేతిపనికే. తోరణం, దిండు గలీబుకు అంచు, జాకెట్టు చేతులకు లేసు, ఏదో ఒకటి పూర్తయిన తృప్తి త్వరగా వస్తుంది. (టీవీ కవర్ల కాలం మాత్రం పోయింది, గోడకు అంటుకున్న టీవీ మీద ఏం కప్పుతాం?) దారం మాత్రం ఎక్కువ తింటుంది, అదే కొలతకు నిట్టింగ్ కంటే మూడో వంతు దాకా ఎక్కువ పట్టొచ్చు.

ఏడాదంతా చూస్తే నా వరస ఇలా ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు క్రోషే, చదవడం కుదరదు కాబట్టి ఫోన్లో ఆడియో కథో, రేడియోలో కడప స్టేషనో. ఆషాఢం గాలికి మిద్దె మీద పేజీలు ఆగవు, అప్పుడు సగం అల్లిన దుప్పటి పుస్తకం అంచు మీద వేసుకుంటే బరువుగా పనికొస్తుంది. సీతాఫలాలు, ఉడకబెట్టిన పచ్చి శనక్కాయలు వచ్చే రోజుల్లో రెండూ పక్కన పెట్టి పుస్తకం ఒక్కటే, అదీ ఎడమ చేత్తో. మార్గశిరం వచ్చిందంటే ఊలు సూదులు, సాదా అల్లిక, లావు నవల.

ఆ నెలల్లోనే మూడో పోటీదారు ఒకటి ఉంది, అనపగింజలు. మంచు పడ్డాక వచ్చే కాయలకు ఆ వాసనే వేరు. కాయలు ఒలవడం చూపుతో పనిలేని పని, నిట్టింగ్ కంటే సులువు, పుస్తకం బ్రహ్మాండంగా సాగుతుంది. రాత్రంతా నానబెట్టి పొద్దున తోలు తీసి పితికిపప్పు చేసే ఘట్టంలో మాత్రం వేళ్లు తడి, పేజీ ముట్టుకోలేం. అయినా ఆ పూట పితికిపప్పు పులుసు, రాగి సంగటి ఉంటే నిట్టింగూ క్రోషే రెండూ ఓడినట్టే.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు: చదివే అలవాటు గట్టిగా ఉంటే సూదుల జత, లేకపోతే క్రోషే. నంబర్లు చూసి కొనండి, నిట్టింగ్ సూదులకు మన దగ్గర ఇంకా పాత ఇంగ్లండు లెక్కే, నంబరు పెరిగే కొద్దీ సూది సన్నం, 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు. లేసు దారం కూడా అంతే, 20 కంటే 40 సన్నం. 20 దారానికి ఒకటింబావు మిల్లీమీటరు సూది సరిపోతుంది. ఊలు డిసెంబరులోనే నాలుగు రంగులు ఎక్కువ దొరుకుతుంది, కాటన్ దారం టైలరింగ్ సామాను షాపుల్లో ఎప్పుడైనా ఉంటుంది.