ట్యూబ్‌లెస్ టైర్లకు ట్యాంకు పంపు: చాలాకాలం వాడాక నా మాట

లోపల ట్యూబు ఉండని సైకిల్ ట్యూబ్‌లెస్ టైర్ల కోసమని పక్కన చిన్న గాలి ట్యాంకు పెట్టి అమ్మే ఫ్లోర్ పంపులు (నేల మీద నిలబెట్టి కొట్టేవి) ఉన్నాయి కదా, వాటిలో ఒకటి కొన్నేళ్లుగా నా దగ్గర ఉంది. బరువెంత, గొట్టం పొడవెంత లాంటివి డబ్బా మీదే రాసుంటాయి, వాటి జోలికి పోను. నాకు కావలసింది ఒక్కటే. ట్యాంకులో నింపి పెట్టిన గాలి లివర్ తిప్పగానే ఒక్కసారిగా టైర్లోకి దూకాలి. మిగతా పనులన్నీ మామూలు పంపు కూడా చేస్తుంది. అదనంగా డబ్బు పెట్టేది ఈ ఒక్క విసురు కోసమే.

కొన్న కొత్తలో ఎవరడిగినా "కళ్లు మూసుకుని కొనేయండి" అనేవాడిని. ఇప్పుడూ కొనమనే అంటాను, కాకపోతే కొన్ని చూసుకుని కొనమంటాను.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాను. మౌంటెన్ బైక్ టైరు రిమ్ముకి ఎక్కించాక బీడ్, అంటే రిమ్ముని పట్టుకునే టైరు అంచు, రెండు వైపులా మధ్య గాడిలో వదులుగా పడి ఉంటుంది. మామూలు పంపుతో కొడితే లోపలికి వెళ్లిన గాలి వెళ్లినట్టే బీడ్ పక్క సందుల్లోంచి బయటికొచ్చేస్తుంది. మనకి చెమటలు పడతాయి, టైరు మాత్రం కదలదు. ఇక్కడ కావలసింది ఎక్కువ ప్రెషర్ కాదు, తక్కువ సమయంలో ఎక్కువ గాలి. ఒక లీటరు ట్యాంకులో 160 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) దాకా నింపితే, బయట మనం పీల్చే గాలి లెక్కన అది దాదాపు 11 లీటర్లు. 29 అంగుళాల చక్రానికి 2.4 అంగుళాల వెడల్పు టైరు వేస్తే లోపల ఉండే చోటు అయిదారు లీటర్లు. అంటే చుక్క కారకుండా మొత్తం లోపలికి వెళితే 25 పీఎస్ఐ దగ్గరికి వచ్చేయాలి. కారుతుంది కాబట్టి అంత రాదు. రానక్కర్లేదు కూడా. లీకుని మించి ఒక్క క్షణం గాలి వచ్చి బీడ్ రిమ్ము అంచుకి ఆనుకుంటే చాలు, ఆ తర్వాత మామూలుగా పంపు కొట్టుకుంటూ పోతే ఒకటి తర్వాత ఒకటి టప్ టప్‌మని ఎక్కి కూర్చుంటాయి. ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు నిజంగానే గుండె గుభేల్‌మంది. ఇప్పుడు దానికోసమే ఎదురుచూస్తాను.

ఒక షరతు ఉంది. వాల్వు కోర్, అంటే వాల్వు లోపల గాలిని ఆపే చిన్న మర ముక్క, తీసేయాలి. ప్రెస్టా (సన్నటి సైకిల్ వాల్వు) కోర్ లోపల దారి చాలా సన్నం, అది ఉండగా లివర్ తిప్పితే ట్యాంకు ఖాళీ అవుతుంది గానీ విసురు మాత్రం ఉండదు. ఇది తెలిసినవాళ్లకి తెలిసిందే, కానీ "ట్యాంకు పంపు పనిచేయలేదు" అనేవాళ్లలో చాలామంది కోర్ తీయనివాళ్లే.

ఇక కోపం సంగతి.

వెనక చక్రానికి మందపాటి టైరు ఒకటి తెచ్చాను. డబ్బాలో మడతపెట్టి ఉండడం వల్ల బీడ్లు రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. మొండికేస్తుందని ముందే అనుకున్నాను కాబట్టి సబ్బు నీళ్లు రాసి, చక్రాన్ని నేలకి ఆనించకుండా వేలాడదీసి, ట్యాంకు నిండుగా నింపి లివర్ తిప్పాను. ఎప్పుడూ వచ్చే 'భస్స్' రాలేదు. సన్నగా, సుదీర్ఘంగా 'సుయ్‌య్' అంది. టైరు కాస్త ఒళ్లు విరుచుకుని మళ్లీ కూలబడింది.

సహజంగానే అనుమానం టైరు మీదికి పోయింది. వాల్వు అడుగున ఉండే రబ్బరు పీట మీద బీడ్ ఎక్కి కూర్చుందేమోనని బొటనవేళ్లతో అటూ ఇటూ నెట్టాను. రిమ్ము రంధ్రాలు మూసే రిమ్ టేపు ఎక్కడైనా లేచిందేమోనని చూశాను, బాగానే ఉంది. తర్వాత ట్యూబు వేసి గాలి కొట్టి రెండు బీడ్లూ కూర్చోబెట్టి, ఒక వైపు మాత్రమే జాగ్రత్తగా ఊడదీసి ట్యూబు లాగేశాను. ఇలా చేస్తే రెండో వైపు కూర్చునే ఉంటుంది కాబట్టి సగం లీకు అక్కడే పోతుంది, ఎంత మొండి టైరైనా దారికొస్తుంది. ఇది రాలేదు. ఆఖరికి ఇదే రిమ్ముకి ఎప్పుడూ సులువుగా ఎక్కే పాత టైరు వేసి చూశాను. దానికీ అదే సుయ్‌య్.

అప్పుడు పంపు వైపు చూశాను. ట్యాంకు గాలి పట్టి ఉంచుతోంది, ముల్లు కదలడం లేదు. లివర్ తిప్పితే మాత్రం మునుపు ఒక్కసారిగా కింద పడే ముల్లు ఇప్పుడు తాపీగా దిగుతోంది. లివరే సరిగా తెరుచుకోవడం లేదనుకుని దాన్ని విప్పాను. లోపల అద్దంలా ఉంది. ఓ-రింగ్‌కి గీత కూడా పడలేదు. మళ్లీ బిగించి, ఈసారి గొట్టం చివర వాల్వుకి తగిలించే తలని మర తిప్పి తీసేసి, గొట్టాన్ని గట్టిగా పట్టుకుని లివర్ తిప్పాను. పాత భస్స్, అదే జోరు. దొంగ ఆ తలలో ఉన్నాడన్నమాట.

తల లోపల వాల్వు మెడని పట్టుకునే రబ్బరు వెనక ఆవగింజంత తెల్లటి ముద్ద. ఎండిపోయిన సీలెంట్, అంటే చిల్లులు పూడ్చడానికి టైర్లో పోసే లేటెక్స్ ద్రవం. సీలెంట్ పోసేసిన టైరుకి కోర్ లేకుండా గాలి కొట్టి తల ఊడదీసినప్పుడల్లా వాల్వులోంచి కొన్ని తుంపర్లు వెనక్కి ఎగిరి ఆ రబ్బరు వెనక చేరేవన్నమాట. లేటెక్స్ కదా, పొర మీద పొర గట్టిపడింది. సన్న తీగతో లాగితే సాగుతూ ముక్కలుగా వచ్చింది. వచ్చాక అదే మొండి టైరు మొదటి విసురుకే ఎక్కింది.

నాకు ఒళ్లు మండింది అడ్డుపడినందుకు కాదు. ట్యూబ్‌లెస్ కోసమే తయారుచేసిన పంపు ఇది. సీలెంట్ లేని ట్యూబ్‌లెస్ ఉండదు. అలాంటప్పుడు సీలెంట్ తగిలే ఒకే ఒక్క భాగాన్ని విప్పి కడుక్కునేలా చేయాలా వద్దా? ఈ తలని పూర్తిగా విప్పే వీలు లేదు, లోపలి రబ్బరు విడిగా దొరకదు, గొట్టంతో కలిపి మొత్తం సెట్టు కొనాలి. పంపుతో పాటు వచ్చిన కాగితంలో ట్యాంకుని ఎండలో పెట్టొద్దనే హెచ్చరిక ఉంది, సీలెంట్ గురించి ఒక్క వాక్యం లేదు.

ఆ తర్వాత పద్ధతి మారింది. ముందు సీలెంట్ లేకుండా పొడిగానే టైరు కూర్చోబెడతాను. పంపు తల తీయగానే గాలంతా పోతుంది, ఫరవాలేదు, నా రిమ్ముల మీద బీడ్లు కూర్చున్నచోటే ఉంటాయి. అప్పుడు సిరంజితో వాల్వులోంచి నూరు మిల్లీలీటర్ల సీలెంట్ ఎక్కించి, కోర్ బిగించి, వాల్వు పై వైపు ఉండేలా చక్రం తిప్పి గాలి కొడతాను. నేల మీద ఒక్క చుక్క పడదు. అయితే కొన్ని రిమ్ముల మీద గాలి పోగానే బీడ్ మళ్లీ గాడిలోకి జారిపోతుంది. స్నేహితుడి చక్రం అలాంటిదే, దానికి ఈ పద్ధతి పనికిరాలేదు.

ప్రెషర్ మీటరు గురించి కూడా మొదట్లో గొప్పగా చెప్పేవాడిని. పెద్ద డయల్, దూరం నుంచి కనబడుతుంది, అదంతా నిజమే. కానీ 160 దాకా చూపించే డయల్ మీద 20కీ 24కీ మధ్య ఉండేది గోరంత తేడా. మౌంటెన్ బైక్‌కి ఆ నాలుగు పీఎస్ఐలోనే పట్టు అంతా ఉంది. ఇప్పుడు బయల్దేరే ముందు విడిగా చిన్న డిజిటల్ గేజ్‌తో చూసుకుంటున్నాను. పంపు మీద ముల్లు ట్యాంకు నింపడానికీ, కూర్చోబెట్టేటప్పుడు టైరు మీదా రిమ్ము మీదా రాసిన గరిష్ఠ ప్రెషర్ దాటకుండా చూసుకోవడానికీ సరిపోతుంది. ట్యాంకు నింపేటప్పుడు ఆఖరి ముప్పై నలభై పీఎస్ఐకి ఒంటి బరువంతా హ్యాండిల్ మీద వేయాల్సి వస్తుంది. బక్కపల్చగా ఉండేవాళ్లకి అది కష్టమే.

దీని బదులు ప్లాస్టిక్ సీసాకి వాల్వు బిగించి ట్యాంకులా వాడేవాళ్లు ఉన్నారు. పేలితే ఏమవుతుందో ఊహించుకుంటేనే టెన్షన్, నేను ఆ పక్కకి పోను. కార్బన్ డయాక్సైడ్ కార్ట్రిడ్జ్‌తోనూ బీడ్ కూర్చుంటుంది గానీ లేటెక్స్ సీలెంట్‌ని అది గడ్డకట్టించే అవకాశం ఉంది, దారిలో చిక్కుకుంటే తప్ప ఇంట్లో దాంతో పని లేదు.

నా మటుకు ఈ పంపు దండగ కాలేదు. ఇంట్లో రెండు బైకులున్నాయి, వానాకాలానికీ ఎండాకాలానికీ టైర్లు మారుస్తాను, వేళకాని వేళ శబ్దం చేసే కంప్రెసర్ పెట్టుకునే వీలు లేదు. ఏడాదికోసారి టైరు మార్చేవాళ్లయితే ముందు ఉన్న పంపుతోనే కోర్ తీసి, సబ్బు నీళ్లు రాసి, ఒక వైపు ట్యూబుతో కూర్చోబెట్టి ప్రయత్నించండి. రిమ్ముకి టైరు బిగుతుగా ఉంటే చాలాసార్లు దాంతోనే అయిపోతుంది. అప్పటికీ కొనాలనిపిస్తే, కొట్లో ట్యాంకు ఎంత పెద్దదో తర్వాత అడగండి, పంపు తల మొత్తం విప్పడానికి వస్తుందా, లోపలి రబ్బరు విడిగా అమ్ముతారా అన్నది ముందు అడగండి.